ఫలితం రాకముందే చేసుకోవలసిన పని: గెలుపోటముల మధ్య క్రైస్తవుడు తన పేరును నిలుపుకోవడం ఎలా

ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు, వాటి వెనకే పదో తరగతి ఫలితాలు, ఆపైన ఏడాది పొడవునా ఏదో ఒక ఉద్యోగ పరీక్ష జాబితా. అనంతపురంలో చదువుకునే పిల్లలున్న ఏ ఇంటికైనా క్యాలెండరు ఇలాగే నడుస్తుంది. పల్లెల్లో దీనికి తోడు ముంగారు (ఖరీఫ్) పంట ఫలితం కూడా ఉంటుంది. నేను ఇక్కడ ఒక చిన్న సంఘంలో పదేళ్లుగా యవ్వనస్తుల కూడికకు సహాయం చేస్తున్నాను. ఉపాధ్యాయ నియామక పరీక్ష రెండుసార్లు తప్పినవాణ్ని కూడా. రెండోసారి తప్పిన తరువాత మూడు ఆదివారాలు చివరి వరుసలో కూర్చుని, ఆశీర్వాద ప్రార్థనకు అందరూ కళ్లు మూసుకున్న క్షణంలో చెప్పులు వేసుకుని వీధిలోకి వచ్చేశాను. గడప దగ్గర ఎవరైనా పలకరిస్తే ఏమని చెప్పాలో నాకు తెలియలేదు. పరీక్ష తప్పినందుకు అంత బాధ ఎందుకు కలిగిందో అర్థం కావడానికి చాలా కాలం పట్టింది. అప్పటిదాకా నేను ఎవరినన్న ప్రశ్నకు జవాబు చెప్పే పనిని ఆ జాబితాకే అప్పగించి ఉన్నాను.

కింద చెప్పినవి ఆ తరువాత నేను చేస్తూ, మా పిల్లల చేత చేయిస్తూ వస్తున్న పనులు. ఇవి చదివి వదిలేస్తే ఉపయోగం ఉండదు. ఒక నోటుపుస్తకం, ఒక బైబిలు దగ్గర పెట్టుకోండి.

1. ఫలితానికి కనీసం రెండు వారాల ముందు ‘నేను’ అనే పేజీ రాయండి

ఒక పేజీలో ‘నేను’తో మొదలయ్యే పది వాక్యాలు రాయండి. మంచి వాక్యాల కోసం వెతకకుండా, మనసులోకి వచ్చిన వరుసలోనే రాయాలి. మా కూడికలో సాధారణంగా వచ్చే వాక్యాలు ఇలా ఉంటాయి: నేను మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాణ్ని, నేను క్లాసులో ఎప్పుడూ మొదటి ముగ్గురిలో ఉంటాను, నేను సంఘంలో కీబోర్డు వాయిస్తాను, నేను అప్పులున్న ఇంటి పెద్ద కొడుకును. రాయడం అయ్యాక ప్రతి వాక్యం పక్కన రెండు ప్రశ్నలకు జవాబు రాయండి. ఇది నాకు ఎవరు ఇచ్చారు? ఇది రేపు పోతే నాలో ఏమి మిగులుతుంది?

ఈ పనిని మన కంటే ముందు పౌలు చేశాడు. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక 3వ అధ్యాయంలో ఆయన తన జాబితా ఇచ్చాడు: ఎనిమిదో రోజున సున్నతి, బెన్యామీను గోత్రం, హెబ్రీయుల సంతానమైన హెబ్రీయుడు, పరిసయ్యుడు, ధర్మశాస్త్రం విషయంలో అనింద్యుడు. ఆ జాబితాలో ఒక్క ఓటమి కూడా లేదని గమనించండి. అన్నీ గెలుపులే. జమాఖర్చుల పుస్తకంలో లాభం వైపున్న ఆ వరుసనంతటినీ ఆయన నష్టం వైపుకు మార్చి రాసి, చివరకు దాన్ని పెంటతో సమానంగా ఎంచుకున్నానన్నాడు. ఓటమి వచ్చినప్పుడు దేవుణ్ని ఆశ్రయించడం మనకు అలవాటే కాబట్టి, గెలుపును కూడా పక్కన పెట్టాలన్న ఈ మాట మనకు కొంచెం కష్టంగా వినిపిస్తుంది. అయితే గెలుపు మీద నిలబడ్డవాడికే ఓటమి కాళ్ల కింద నేలను లాగేస్తుంది.

ఇప్పుడు అదే పేజీ అడుగున పదకొండో వాక్యం రాయాలి. అందుకోసం మత్తయి సువార్త 3వ అధ్యాయం చివరి వచనాన్ని, 4వ అధ్యాయం మొదటి మూడు వచనాలను కలిపి చదవండి. యొర్దాను ఒడ్డున యేసు నీళ్లలోంచి పైకి రాగానే, ఈయన నా ప్రియ కుమారుడు, ఈయనయందు నేను ఆనందిస్తున్నాను అన్న మాట ఆకాశం నుండి వినిపించింది. అప్పటికి మత్తయి ఆయన చేసిన ఒక్క ప్రసంగాన్ని గానీ, ఒక్క స్వస్థతను గానీ మనకు చెప్పలేదు. అధ్యాయం మారగానే శోధకుడు వచ్చి వేసిన మొదటి మాట, నీవు దేవుని కుమారుడవైతే ఈ రాళ్లను రొట్టెలు చేయమని. తండ్రి చెప్పిన మాటను పని చేసి రుజువు చేయమని అడగడమే ఆ శోధన. ఫలితాల రోజున మన చెవిలో వినబడేదీ ఇదే స్వరం, మాటలు మాత్రమే వేరు.

క్రీస్తులో ఉన్నవారికి ఆ కుమారత్వం దత్తతగా వచ్చిందని గలతీయులకు రాసిన పత్రిక 4వ అధ్యాయం చెబుతుంది. దత్తత తీసుకునే తండ్రి బిడ్డ మార్కుల పట్టీ చూసి ఇంటికి తీసుకురాడు. పదకొండో వాక్యాన్ని మీ సొంత మాటల్లో రాయండి, పక్కన తేదీ వేయండి. ఆ తేదీ ఫలితం వచ్చిన తేదీ కంటే ముందుది కావడం ముఖ్యం. శెనక్కాయ విత్తనం పదును ఉన్నప్పుడే నేలలో పడాలన్నది మన రైతులకు ఒకరు నేర్పవలసిన సంగతి కాదు కదా.

2. మొదటి రోజు తినండి, నిద్రపోండి, నిర్ణయాలు తీసుకోవద్దు

ఫలితం మంచిది కాకపోతే, ఆ రోజున వాక్యధ్యానం కంటే ముందు చేయవలసిన పనులున్నాయి. మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయంలో ఏలీయా బదరీ చెట్టు కింద కూర్చుని, ఇక చాలు, నా ప్రాణం తీసుకొమ్మని దేవుణ్ని అడిగాడు. దేవుని దూత ఆయనకు ప్రసంగం చేయలేదు, మందలించలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లబుడ్డి ఆయన తల దగ్గర పెట్టి, లేచి తినమన్నాడు. ఆయన తిని మళ్లీ పడుకున్నాడు. దూత రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు. ప్రశ్న అడగడం ఆ తరువాత చాలా దూరం నడిచి, హోరేబు చేరాక జరిగింది.

కాబట్టి ఆ పూట సంగటి ముద్దయినా సరే, కూర్చుని తినండి. ఫోనులో స్టేటసులు చూడడం ఆపండి, ఎందుకంటే అక్కడ గెలిచినవాళ్లు మాత్రమే కనిపిస్తారు. ఇంట్లో ఒక్కరికి నేరుగా, చిన్న వాక్యంలో చెప్పండి: ‘నాయనా, నేను తప్పినాను, ఇప్పుడేమీ అడగొద్దు, రేపు మాట్లాడదాం.’ చదువు మానేయడం, ఊరు విడిచి పోవడం వంటి నిర్ణయాలను మూడు రోజుల పాటు వాయిదా వేయండి. ఏలీయా కోరుకున్నట్టు చావును కోరుకునే ఆలోచన వస్తే ఒంటరిగా ఉండకండి. పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకుని, ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేయండి. అక్కడ తెలుగులో మాట్లాడవచ్చు. ఫోను చేయడాన్ని విశ్వాసంలో లోపంగా చూసేవారి మాటను పట్టించుకోకండి. దూత తెచ్చిన రొట్టెను ఏలీయా వద్దనలేదు.

3. తరువాతి వారం మూడు నిలువు గీతలు గీయండి: పొరపాటు, పాపం, వాన

నా ఉద్దేశంలో మన సంఘాల్లో అన్నిటికంటే ఎక్కువ గందరగోళం ఉన్నది ఇక్కడే. ఓడిపోయిన ప్రతివాడికీ మనం రెండు మందుల్లో ఒకటి ఇస్తాము. ఒకటి, నీలో ఏదో పాపం ఉంది, ఒప్పుకో. రెండోది, ఇది దేవుని చిత్తం, ఊరుకో. రోగం ఏదో చూడకుండా ఇచ్చే ఈ మందుల వల్ల తప్పు లేనివాడు నేరస్థుడిలా కుంగిపోతాడు, తప్పు చేసినవాడు దేవుని చిత్తం చాటున దాక్కుంటాడు.

అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. అందులోనూ వాన ఎంత పడిందన్నదానికంటే ఎప్పుడు పడిందన్నదే శెనక్కాయ రైతుకు ముఖ్యం. పూత వచ్చి ఊడలు నేలలోకి దిగే రోజుల్లో నేల ఎండి ఉంటే, చెట్టు పచ్చగా కనిపించినా కింద కాయ పట్టదు. ఒకే పొలంలో మూడు రకాల నష్టం జరగవచ్చు. నాసిరకం విత్తనం అని తెలిసీ ధర తక్కువని కొనడం పొరపాటు. పక్కవాడి బోరు నీళ్లను రాత్రిపూట దొంగతనంగా మళ్లించుకోవడం పాపం. ఊడలు దిగేటప్పుడు వాన రాకపోవడం పొరపాటూ కాదు, పాపమూ కాదు. కాలవశం చేతా అదృష్టవశం చేతా అన్నీ అందరికీ జరుగుతాయని, వేగం గలవాళ్లే పందెంలో గెలవరని ప్రసంగి 9వ అధ్యాయం 11వ వచనం సూటిగా చెబుతుంది.

మీ ఓటమిని ఈ మూడు వరుసల్లో పంచండి. పరీక్షనే తీసుకుంటే, లెక్కల భాగాన్ని చివరి నెలకు వదిలేయడం మొదటి వరుసలోకి వస్తుంది. చదువుతున్నానని ఇంట్లో అబద్ధం చెప్పి కోచింగ్ డబ్బు వేరే దానికి వాడి ఉంటే అది రెండో వరుసలోకి వస్తుంది. పోస్టులు తక్కువ పడడం, పరీక్ష వాయిదా పడడం, ఆ వారం ఇంట్లో జబ్బు మూడో వరుసలోకి వస్తాయి. ఒక్కొక్క వరుసకు చేయవలసిన పని వేరు.

మొదటి వరుసకు పశ్చాత్తాపం అక్కర లేదు, నేర్చుకోవడం కావాలి. తెలిసినవారి దగ్గరికి వెళ్లి ఎలా చదవాలో అడగండి.

రెండో వరుసకు నేర్చుకోవడం చాలదు. లూకా 19వ అధ్యాయంలో జక్కయ్య తాను అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. కన్నీళ్లు పెట్టుకున్నాడని అక్కడ లేదు, లెక్క చెప్పాడని ఉంది. మీరు కూడా అబద్ధం చెప్పిన మనిషి దగ్గరికి వెళ్లి నిజం చెప్పండి, తిరిగి ఇవ్వవలసింది ఇవ్వడం మొదలుపెట్టండి. ఆ తరువాత కూడా నేను ఇలాంటివాణ్నే అనే మాట మనసులో తిరుగుతుంటే, యోహాను సువార్త 18, 21 అధ్యాయాలను పక్కపక్కన చదవండి. పేతురు బొగ్గుల మంట దగ్గర చలి కాచుకుంటూ తాను యేసు శిష్యుణ్ని కానన్నాడు. తిరిగి లేచిన యేసు సముద్రపు ఒడ్డున మళ్లీ బొగ్గుల నిప్పు దగ్గరే అతనికి చేపలు, రొట్టె పెట్టి, మూడుసార్లు ప్రశ్న అడిగి, మూడుసార్లు గొర్రెలను కాయమని పని అప్పగించాడు. తప్పును లేనట్టు చేయలేదు, తప్పును అతని పేరుగా మిగలనివ్వనూ లేదు.

మూడో వరుసకు ఒప్పుకోలు అసలే వద్దు. దానికి కావలసింది తరువాతి అడుగు.

4. దేవునితో ఫిర్యాదు చేయడం నేర్చుకోండి

13వ కీర్తన ఆరు వచనాలే. అందులో మొదటి రెండు వచనాలు ‘ఎన్నాళ్లు’ అన్న ప్రశ్నతోనే నిండి ఉన్నాయి. దాన్ని బయటికి చదవండి, తరువాత మూడో వరుసలో రాసిన విషయాల మీద మీ ఎన్నాళ్లను మీరే రాయండి. ఇందులో మర్యాద తప్పుతుందని భయపడేవారు యిర్మీయా గ్రంథం 20వ అధ్యాయం చూడాలి. అక్కడ ప్రవక్త తాను పుట్టిన రోజునే శపించుకున్నాడు. ఆ మాటలను దేవుడు గ్రంథంలోంచి తీసివేయించలేదు.

హబక్కూకు 3వ అధ్యాయం 17, 18 వచనాలను మా కూడికలో ఒకసారి మన పొలాల మాటల్లోకి మార్చి రాశాము: శెనక్కాయ ఊడలు దిగకపోయినా, చీనీ తోట ఎండిపోయినా, బోరులో నీళ్లు అందకపోయినా, కొట్టంలో పశువులు లేకపోయినా. నాలుగో మాట దగ్గర గదిలో ఒకరిద్దరు ఏడ్చారు. ఆ తరువాత వచ్చే ‘నేను యెహోవాయందు ఆనందిస్తాను’ అన్న వాక్యం ఆ రోజున ఎవరికీ వెంటనే నోట రాలేదు. మేము దాన్ని బలవంతం చేయలేదు. మీరూ చేయనక్కర లేదు, వచ్చిన రోజున పలకవచ్చు.

5. వాగ్దానపు కార్డు వచనానికి ముందూ వెనకా ఏముందో చదవండి

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో తీసుకున్న, బైబిలు వచనం రాసి ఉన్న వాగ్దానపు కార్డు చాలా ఇళ్లలో ఏడాదంతా గోడ మీద ఉంటుంది. కార్డుతో నాకు గొడవ లేదు. అయితే హాల్ టికెట్ల మీద ప్రార్థన చేసే రోజున ఆ వచనం పరీక్ష పాసవుతామన్న హామీగా మారిపోతుంది, ఫలితం తలకిందులైనప్పుడు దేవుడే మాట తప్పినట్టు కనిపిస్తుంది.

ఒక మూడు వచనాలను మాత్రం ఈ వారం పూర్తిగా చదవండి. ‘నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను’ అన్న ఫిలిప్పీయుల 4వ అధ్యాయపు మాటకు ముందున్న రెండు వచనాల్లో పౌలు కడుపు నిండి ఉండడం, ఆకలితో ఉండడం రెండూ నేర్చుకున్నానన్నాడు. ఆయన చెప్పిన సమస్తంలో ఆకలి కూడా ఉంది. ‘తలగా నియమించును గాని తోకగా నియమింపడు’ అన్న ద్వితీయోపదేశకాండపు మాట ఒక జాతితో చేసిన నిబంధనలోది. పరీక్షలో పక్కవాడు తోక కావాలని కోరుకునే ప్రార్థన కాదది. మూడోది యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనం, సమాధానకరమైన ఉద్దేశాల గురించిన వాగ్దానం. దాని ముందటి వచనంలో 70 సంవత్సరాలు అని ఉంది. బబులోనుకు చెరపట్టబడినవారికి రాసిన ఉత్తరం అది. విన్న పెద్దవాళ్లలో చాలామంది ఆ నెరవేర్పును చూసే అవకాశమే లేదు. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి అని అదే ఉత్తరంలో 5వ వచనం చెబుతుంది.

ఆ ఉత్తరం రాసిన మనిషి సంగతి కూడా చూడండి. సుమారు 40 ఏళ్లు బోధించిన యిర్మీయా మాటను రాజు వినలేదు, జనం వినలేదు. పట్టణం కాలిపోయింది. చివరికి ఆయనను జనం ఐగుప్తుకు తీసుకుపోయారు, అక్కడ కూడా ఆయన మాట చెల్లలేదు. మన లెక్కల ప్రకారం చూస్తే ఒక్క ‘సాక్ష్యం’ చెప్పడానికి కూడా ఆయన దగ్గర ఏమీ లేదు. అయితే ఆ గ్రంథం 1వ అధ్యాయం 5వ వచనంలోనే, గర్భంలో రూపింపక మునుపే నిన్ను ఎరిగాను అన్న మాట ఉంది. పేరు ముందే పెట్టబడింది. ఫలితం ఆయన బతికుండగా రాలేదు.

ఇక్కడ అనంతపురంవాళ్లు, పేదల మధ్య పనిచేసిన స్పెయిన్ దేశస్థుడు విన్సెంట్ ఫెర్రర్‌ను గుర్తుచేస్తారు. 1968లో ఆయన మహారాష్ట్రను, దేశాన్ని విడిచి వెళ్లవలసి వచ్చిందని, 1969లో తిరిగి వచ్చి మన జిల్లాలో పని మొదలుపెట్టి, 2009లో చనిపోయేదాకా ఇక్కడే ఉన్నారని మనకు తెలుసు. మంచి ఉదాహరణే. కానీ నేను దాన్ని జాగ్రత్తగా వాడతాను, ఎందుకంటే ఓటమి తరువాత తప్పక పెద్ద గెలుపు వస్తుందని పిల్లలు దాన్నుంచి అర్థం చేసుకుంటారు. ఆ గెలుపు రానివారికి యిర్మీయా కావాలి.

6. ఒక చిన్న పని మొదలుపెట్టండి

యిర్మీయా 32వ అధ్యాయంలో బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడించి ఉంది, ప్రవక్త చెరసాల ప్రాకారంలో ఉన్నాడు. అలాంటి సమయంలో ఆయన అనాతోతులోని తన చిన్నాన్న కొడుకు పొలాన్ని 17 తులాల వెండికి కొన్నాడు. సాక్షులను పిలిపించాడు, వెండి తూచాడు, పత్రం మీద ముద్ర వేయించాడు, అది చాలా రోజులు చెడిపోకుండా మట్టికుండలో పెట్టమని తన లేఖకుడైన బారూకుకు అప్పగించాడు. పొలం రిజిస్ట్రేషను అంటే ఏమిటో తెలిసిన మనకు ఆ దృశ్యం వెంటనే కళ్ల ముందు కనిపిస్తుంది. శత్రువు చేతిలోకి పోబోయే నేలను లెక్క ప్రకారం, తొందరపడకుండా కొన్నాడు.

మీ అనాతోతు ఏదో చూసుకోండి. సప్లిమెంటరీకి ఫీజు కట్టడం కావచ్చు. వీధిలో ఏడో తరగతి పిల్లవాడికి వారానికి రెండు సాయంత్రాలు లెక్కలు చెప్పడం కావచ్చు. పాడైన చేనులో గట్టు సరిచేయడం కావచ్చు. రెండు నియమాలు పాటించండి: ఆ పని ఈ నెలలోనే చేయగలిగేదై ఉండాలి, ఎవరికీ చూపించనవసరం లేనిదై ఉండాలి. పెద్ద పనితో మొదలుపెట్టకండి. గొప్పవాటిని నీకోసం వెదకవద్దని యిర్మీయా 45వ అధ్యాయంలో దేవుడు బారూకుతో అన్న మాట మనకూ వర్తిస్తుంది.

7. గెలిస్తే, పేజీని ఇంకొకసారి తెరవండి

గెలిచినవారు తప్పక చేయవలసిన పని ఇది. నేను చూసినంతలో ఈ అడుగు దగ్గరే ఎక్కువమంది ఆగిపోతారు. లూకా 10వ అధ్యాయంలో డెబ్బైమంది శిష్యులు పని ముగించి సంతోషంగా తిరిగి వచ్చి, దయ్యాలు కూడా లోబడుతున్నాయన్నారు. యేసు వారి పనిని తక్కువ చేయలేదు. అయినా దాని గురించి సంతోషించవద్దని, మీ పేర్లు పరలోకంలో రాయబడి ఉన్నందుకు సంతోషించమని చెప్పాడు. ఉద్యోగం వచ్చిన రోజున పదకొండో వాక్యాన్ని బయటికి చదివి, దానికి ఉద్యోగం ఏమీ కలపలేదని గుర్తించండి. ద్వితీయోపదేశకాండం 8వ అధ్యాయం 17, 18 వచనాలను కూడా చదవండి.

కృతజ్ఞత కూడికలో సాక్ష్యం చెప్పేటప్పుడు మూడు జాగ్రత్తలు తీసుకోండి. ‘నేను ప్రార్థించాను, దేవుడు ఇచ్చాడు’ అన్న వాక్యం వినేవారిలో, ప్రార్థించినా రానివాళ్లు ఉంటారు. అందుకని మీకు ఎవరు చదువు చెప్పారో, ఎవరు ఫీజు కట్టారో, మూడో వరుసలో మీకు అనుకూలంగా ఏమి జరిగిందో కూడా చెప్పండి. అంతకు ముందు మీరు ఎన్నిసార్లు తప్పారో దాచకండి. తప్పిన స్నేహితుణ్ని వేదిక మీదికి పిలిపించి ప్రార్థన చేయించకండి. మొదటి జీతంలో కొంత, కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకుండా, ఒక పిల్లవాడి పరీక్ష ఫీజుకు వెళ్లేలా చూడండి.

సంఘ పెద్దలకూ, బంధువులకూ

గెలిచినవాళ్లకు మాత్రమే సాక్ష్యం చెప్పే సమయం ఇచ్చే సంఘంలో, ఓడిన పిల్లవాడు చివరి వరుస చూసుకుంటాడు. ఏడాదికి ఒక్క ఆదివారమైనా, ఇంకా జవాబు రానివారు మాట్లాడే సమయం పెట్టండి. అక్కడ చివరలో ‘అయినా దేవుడు ఇస్తాడు’ అని పాస్టరుగారు పూర్తి చేయకుండా ఉండగలగాలి. ప్రభువు బల్ల దగ్గర రొట్టె తీసుకునే వరుసలో పాసయినవాడు, తప్పినవాడు పక్కపక్కనే మోకరిస్తారు కాబట్టి, ఆ ఆదివారాన్ని బల్ల ఉన్న ఆదివారంగా ఎంచుకుంటే ఇంకా మంచిది.

ఫలితాలు వచ్చిన ఆదివారం ఆశీర్వాద ప్రార్థన సమయానికి ఒక పెద్దమనిషి గడప దగ్గర నిలబడాలి. ముందుగానే చెప్పులు వేసుకుని బయటికి వస్తున్న పిల్లవాడు కనిపిస్తే, మార్కుల మాట ఎత్తకుండా పేరు పెట్టి పిలిచి, ‘అన్నం తింటివా నాయనా’ అని అడిగి, ఇంటికి భోజనానికి తీసుకుపోండి.